ఉద్దానం నీడ

టెక్కలిలో మేమున్న అద్దె యింటికి అన్నీ వున్నాయి గానీ ఎండ లేదు. ముందు ఒకరి మేడ, వెనక మరొకరి గోడ. మధ్యగదిలో కిటికీ పక్కన, మట్టికుండీలో, మా అమ్మ తమలపాకు తీగ వుంది. కుండీ చిన్నదే, కథ పెద్దది.

ఉద్దానంలో మా పెరటి కొబ్బరిచెట్టు మీద ఇరవై అడుగులు పాకిన తీగ అది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. చెట్టు పడింది, చెట్టుతోపాటే తీగా పడింది. ఊరు ఊరంతా కూలిన చెట్లు లెక్కపెట్టుకుంటూ వుంటే, మా అమ్మ ఆ తీగలోంచి మూడు కణుపుల ముక్క కోసి పాత బకెట్టులో నాటింది. 2020లో నాన్న పోయారు. ఉద్దానంలో ఎందరినో తీసుకుపోయిన మూత్రపిండాల జబ్బే. ఆ తరువాత అమ్మ నా దగ్గరికి వచ్చేస్తూ ఒక ట్రంకుపెట్టె, ఆ తీగ మాత్రం తెచ్చుకుంది.

తెచ్చిన ఏడాదికే తీగ మారిపోయింది. కణుపుకీ కణుపుకీ మధ్య జానెడు దూరం, కాడ పుల్లలా సన్నం, ఆకు రూపాయి బిళ్ళకు కాస్త పెద్ద. కిటికీ వైపు మెడ చాచుకుని నిలబడేది. అమ్మ నోరు తెరిచి ఏమీ అనలేదు. అననందుకే నాకు నిద్ర పట్టలేదు.

ఇంట్లో మొక్కలు పెంచుకోవటానికి ప్రత్యేకం దీపాలున్నాయని విని, పదిహేను వందలు పోసి ఒకటి తెప్పించాను. బిగించి స్విచ్చి వేశాను గదా, గది యావత్తూ వంకాయరంగు! అమ్మ గుమ్మంలోనే ఆగిపోయి, "ఏటి బాబూ యిది, డ్రామాలో యమలోకం సీనులాగ?" అంది. ఎదురింటివారు మేమేదో రహస్య పూజ చేస్తున్నామనుకున్నారట. ఇదంతా సహించవచ్చు. కాని మూడోనాడు అమ్మ అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. "దీని కింద ఆకు నల్లగా అవుపిస్తోంది. పండిందో, తెగులొచ్చిందో ఎలా తెలుస్తాది?"

నేను తెలుగు ఎం.ఏ. చదివినవాణ్ణి. వెలుగు గురించి నాకు తెలిసిందల్లా దానికున్న పర్యాయపదాలు. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే మిత్రుణ్ణి ఆశ్రయించాను. ఆయన సుద్దముక్క తీసుకుని మొదలుపెట్టారు. ఆకులోని పత్రహరితం ఎరుపునూ నీలాన్నీ ఎక్కువగా తాగుతుంది, ఆకుపచ్చను కొంత వదిలేస్తుంది. ఆ వదిలేసిన రంగే మనకు ఆకు రంగుగా కనపడుతుంది. 1882లో ఎంగెల్మన్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు నీటిలోని నాచుపోగు మీద పట్టకంతో విడగొట్టిన వెలుగు వేసి, ప్రాణవాయువును వెతుక్కునే సూక్ష్మజీవుల్ని ఆ నీటిలో వదిలాడు. అవి ఎరుపు పడ్డచోటా, నీలం పడ్డచోటా గుంపులు కట్టాయి. దీపాల వ్యాపారులు ఈ సంగతే పట్టుకుని, ఆకుపచ్చ దండగ, ఎరుపూ నీలమూ చాలునని వంకాయరంగు దీపాలు చేశారు.

"మరి సరిగ్గానే చేశారు కదా?" అన్నాను.

"సగం సరి. ఆకు నాచుపోగు కాదు, దానికి మందం వుంది. ఎరుపూ నీలమూ పైపొరల్లోనే ఆగిపోతాయి. ఆకుపచ్చ లోపలికి దిగి, అడుగున వున్న కణాలకు పని కల్పిస్తుంది. దండగ అనుకున్నదే లోపలివాళ్ళ కూడు. తెల్లదీపంలో అన్నీ వుంటాయి. ఈ తెల్ల ఎల్ఇడి అసలు నీలం దీపమే. మీద పసుపు పూత పూస్తే తెల్లగా వెలుగుతుంది. ఆ నీలం దీపం కనిపెట్టినందుకే 2014లో ముగ్గురికి నోబెల్ బహుమతి ఇచ్చారు."

పచ్చ అనే ఒక్క మాటతో పసుపునూ ఆకురంగునూ కలిపి పిలిచే భాష మనది. దీనిమీద ఆయనకొక చిన్న ఉపన్యాసం ఇవ్వబోయాను. ఆయన వినలేదు. "రంగు సంగతి తరవాత, మాస్టారూ. ఆ తీగ పుట్టినచోట వెలుగు ఏపాటిదో ముందు చూసి రండి" అన్నారు.

ఆ మాట ఇంట్లో చెప్పేసరికి అమ్మ చీర మార్చుకుని వచ్చేసింది.

ఆదివారం బయలుదేరాము. టెక్కలికి దగ్గరలోనే వున్న రావివలసలో ముందు ఎండల మల్లికార్జునుణ్ణి చూడాలంది. స్వామికి గుడి కట్టబోతే, కలలో కనపడి వద్దన్నాడని చెబుతారు. పైకప్పు లేకుండా ఆకాశం కిందే అంతెత్తు లింగం. మిట్టమధ్యాహ్నపు ఎండంటే రమారమి లక్ష లక్సుల వెలుగు. మా మధ్యగదిలో కిటికీకి నాలుగడుగులు ఇవతల రెండు మూడు వందలు వుంటే గొప్ప. మన కన్ను ఎంత మోసగత్తె చూడండి! ఆ గదిలో కూర్చుని పేపరు చదువుకుంటూ, వెలుతురు బాగానే వుందనుకుంటాము. తీగకు మాత్రం అది పస్తు.

పలాసలో బస్సు మారాము. కాశీబుగ్గ పొంతన జీడిపిక్కల వాసన ఎప్పటిలాగే ఎదురొచ్చింది. 2023 డిసెంబరులో ప్రారంభించిన మూత్రపిండాల ఆసుపత్రి సంగతి నేనెత్తలేదు. అమ్మా ఎత్తలేదు. ఊరు దాటేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. దారిలో ఒక నర్సరీలో, వలపందిరి కింద జీడి అంటుమొక్కలు బారులు తీరి వున్నాయి. అంటు అతుక్కునేదాకా నీడ, తరవాత కొంచెం కొంచెంగా ఎండ అని అక్కడి కుర్రవాడు చెప్పాడు. అతనికి రంగుల గొడవ లేదు. వెలుగు ఎంత, ఎన్నాళ్ళు అన్నదే లెక్క.

వజ్రపుకొత్తూరు వైపు తిరిగాక గాలిలో ఉప్పు తగిలింది. ఉద్యానవనం అన్నదే ఉద్దానం అయిందంటారు. కొబ్బరి, జీడి, పనస ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకున్నట్టు పెరిగే ఇసుకనేల. మా పెరడుకంటే ముందు పక్కతోటలోకి వెళ్ళాము. అక్కడ తుఫాను వదిలిపెట్టిన ముసలిచెట్లు కొన్ని వున్నాయి. లోపల అడుగుపెట్టగానే వెలుగు మెత్తబడింది. ఆకుల సందుల్లోంచి ఎండ కాసులుగా నేలమీద పడి, గాలి వీచినప్పుడల్లా చోటు మారుతోంది. ఒక కొబ్బరిచెట్టుకు తమలపాకు తీగ! కణుపులు దగ్గర దగ్గరగా, ఆకు నా అరచేతిని మించి వుంది. ఫోనులోని కొలతసాధనం పెట్టి చూశాను. నీడలో నాలుగైదు వేలు. ఎండకాసు పడ్డచోట ముప్ఫై వేలు దాటింది. నీడలో పెరిగే తీగ అని మనం తేలిగ్గా అనేస్తాము. మా గదితో పోలిస్తే ఆ నీడే పదింతలకు పైగా ఎండ.

ఆకులు వడపోసిన వెలుగుకు ఇంకొక గుణం వుందని మా మిత్రుడు ముందే చెప్పారు. కొమ్మలు ఎర్రవెలుగును తాగేసి, కంటికి ఆనని దూరపు ఎరుపును కిందికి వదులుతాయి. మొదటిది 660 నానోమీటర్ల దగ్గర, రెండోది 730 దగ్గర. ఈ రెంటి పాళ్ళను బట్టి, తనమీద ఇంకొక చెట్టు వుందో లేదో మొక్క తెలుసుకుంటుంది. 1952లో అమెరికాలో బెల్ట్స్‌విల్ శాస్త్రజ్ఞులు లెట్యూస్ గింజల మీద ఎరుపు వేస్తే మొలిచాయి, ఆ వెంటనే దూరపు ఎరుపు వేస్తే మానేశాయి. చివర ఏది వేస్తే దాని మాటే చెల్లింది. తీగలకు చూపు లేదని ఎవరన్నారు!

తరువాత మా పెరడు. అక్కడ నీడ లేదు. నాన్న వుండగా 2019లో నాటిన కొబ్బరిమొక్కలు మట్టలు విప్పుకుని నిలబడ్డాయి గానీ, వాటి మధ్య ఎండ నేరుగా దిగుతోంది. పాత చెట్టు మొద్దు పుచ్చిపోయి, చేత్తో నొక్కితే పొడి రాలింది. అమ్మ ఒక్కొక్క మట్టనూ ఎత్తి కింద ఎంత చల్లగా వుందో చూసింది. నేను ఫోను తీయలేదు.

తిరిగి వచ్చాక వంకాయరంగు దీపం విప్పేశాను. కాలేజీ వార్షికోత్సవంలో నరకాసుర వధ నాటకానికి అది బ్రహ్మాండంగా పనికొచ్చింది. దాని స్థానంలో డబ్బా మీద 6500 అని అంకె వేసిన మామూలు తెల్ల దీపాలు రెండు తెచ్చి, తీగకు అడుగు ఎత్తున కట్టాను. ఆ అంకె బలాన్ని చెప్పదు, తెలుపు నీలం వైపు మొగ్గిందని చెబుతుంది. కాడలు సాగకుండా వుండటానికి ఆ నీలం మంచిదే. అన్నిటికంటే పెద్ద విషయం దూరం. అడుగు ఎత్తునున్న చిన్న దీపాన్ని రెండడుగులకు జరిపితే మొక్కకు అందేది ఇంచుమించు నాలుగోవంతు. ఈ లెక్క తెలియక నేను మొదటిదాన్ని గది కప్పుకు వేలాడదీశాను సుమండీ! పొద్దున్న ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా దీపం, ఆ తరువాత చీకటి. తీగకూ రాత్రి కావాలని అమ్మ పట్టు.

పాత కాడ బాగుపడలేదు. ఒకసారి సాగిన కాడ మళ్ళీ కుదించుకోదు. కొత్తగా వేసిన కణుపులు మాత్రం రెండంగుళాలకు వచ్చాయి. మూడో నెలలో అమ్మ తెల్లవెలుగులో ఒక ఆకు తిప్పి తిప్పి చూసి, తుంచి, సున్నం రాసుకుని నమిలింది. "ఘాటు తక్కువే" అంది. ఇంకొకటి కోసి నాకూ ఇచ్చింది.

మొన్న తొలకరి పడిన మర్నాడు చూస్తే, తీగ చివర మూడు కణుపుల ముక్క కోసి, తడిగుడ్డ చుట్టి, బల్లమీద పెట్టి వుంది. పక్కన నా ఫోను వుంది.

"ఆ పిల్లచెట్ల కింద వెలుగెంతో చూసి చెప్పు. ఎనిమిది గంటల బస్సుందిగా" అంది అమ్మ.