నాబోతు తోట

మా ఊరి మోతుబరి ఒకాయన పక్షవాతంతో మంచాన పడ్డ వారం, మా చర్చిలో సాక్ష్యాలు చాలాసేపు సాగాయి. ఎవరూ ఆయన పేరెత్తలేదు. దేవుడు ఆలస్యం చేస్తాడు గానీ మర్చిపోడని మాత్రం ఒకరి తర్వాత ఒకరు అన్నారు. అందరి చూపూ మా మామ్మ మీదే. నాకైతే లోపల సంతోషంగానే ఉంది.

కారణం ఒక అరెకరం. తాతకి డి-ఫారం పట్టా కింద వచ్చిన బంజరు. మామ్మా తాతా రాళ్లేరి దాన్ని పొలం చేశారు. తాత పోయాక, అప్పు కింద రాసిచ్చాడంటూ ఆయన వేలిముద్ర ఉన్న కాగితం ఒకటి చూపించాడు. అసైన్డు భూమి అమ్మినా కొన్నా చెల్లదని 1977లోనే చట్టం వచ్చింది. ఆ సంగతి మాకు చెప్పినవాళ్లు లేరు. ఆయనకి మాత్రం ఇద్దరు సాక్షులు దొరికారు.

అందుకే రాజుల మొదటి గ్రంథం 21వ అధ్యాయం మా ఇంట్లో ఊరి కబురులాగే వినిపించేది. ఆహాబు రాజుకి కూరతోట వేసుకోడానికి నాబోతు ద్రాక్షతోట కావాలి. పిత్రార్జితం ఇవ్వనంటాడు నాబోతు. యెజెబెలు రాణి ఇద్దరు దొంగసాక్షుల్ని పెట్టించి, అతన్ని రాళ్లతో కొట్టించి చంపిస్తుంది. రాజు తోటలోకి వచ్చేసరికి ఏలీయా ప్రవక్త ఎదురై, నీ రక్తమూ కుక్కలు నాకుతాయంటాడు. చిన్నప్పుడు నాకు ఆ కుక్కలంటే భలే ఇష్టం.

ఆ సాయంత్రం మామ్మతో అదే అన్నాను, "చూశావా మామ్మా, కుక్కలొచ్చాయి" అని.

ఆమె చేటలో బియ్యం ఏరుతోంది. తలెత్తకుండానే, "మరి నాబోతు లేచొచ్చాడంట్రా?" అంది. కాసేపాగి, "ఆయనకి కాలూ చెయ్యీ పడిపోతే మన నేల మనకొచ్చిందా?" అంది.

మళ్లీ చదివాను. ఆహాబు గోనెపట్ట కట్టుకుని ఉపవాసం ఉంటాడు. దేవుడు శిక్షని అతని కొడుకు కాలానికి వాయిదా వేస్తాడు. కానీ తోట తిరిగిచ్చినట్టు ఎక్కడా లేదు. నాబోతు కొడుకుల రక్తం కూడా చిందిందని రెండో గ్రంథంలో ఉంది. తీసుకునే వారసులే లేరు. లూకా సువార్తలో జక్కయ్య అలా కాదు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానంటాడు.

మామ్మ ఆయన్ని చూడ్డానికి వెళ్లింది. ప్రార్థన చేసి, లేచేముందు అరెకరం సంగతి అడిగిందట. ఆయనకి మాట రాదు, కళ్లనీళ్లు కారాయట. కొడుకులు విననట్టే ఊరుకున్నారు.

మామ్మ పోయి చాలా ఏళ్లయింది. నేల ఇంకా వాళ్ల చేతిలోనే ఉంది. చివరి తీర్పు ఉందని నేనిప్పటికీ నమ్ముతాను. ఎవరు కాలిపోతారో చూడాలన్న సరదా మాత్రం పోయింది. చనిపోయినవాళ్లు లేస్తారని మా విశ్వాసం. నాబోతు లేవకపోతే ఆహాబుకి ఎంత శిక్ష పడినా న్యాయం సగమే. మామ్మ ప్రశ్నకి నా దగ్గరున్న జవాబు అదొక్కటే. పట్టా కాగితం మాత్రం పారేయలేదు.