పాలపండ్లు

"ఎట్లయినా ఊడిపోయేవే గదా!" ఎల్లారెడ్డి దిక్కు మా తండాల్లో పాలపండ్ల మీద మాట ఇదే. ముందరివి ఆరేడేండ్లకు ఊడుతయి, నిజమే. నమిలే దవడపండ్లు మాత్రం పది, పదకొండేండ్ల దాకా ఉండాలె. అవి పుచ్చిన పిల్లలు జొన్నరొట్టెను చాయ్‌లో నానబెట్టి మింగుడు మేం బడిలో చూస్తనే ఉన్నం.

యాడి కూలికి పోయివచ్చి అలసిపోతది. ఏడుపాగాలని చక్కెర కలిపిన పాలసీసా బిడ్డ నోట్లో పెట్టి పండబెడతది. నిద్రలో ఉమ్మి తక్కువ ఊరుతది. తీపి రాత్రంతా పైపండ్లను పట్టుకొనే ఉంటది. చిగుళ్ల అంచున తెల్లటి గీత మొదటి గుర్తు. అది నల్లబడి, నొప్పి లేచినంకనే కామారెడ్డి బస్సెక్కుతరు.

యాపపుల్ల తప్ప ఎరగని మన తాతల పండ్లు గట్టియే. వాళ్ల చిన్నప్పుడు సీసా ఏది, రోజూ చక్కెర ఏది?

మొదటి పన్ను కనపడ్డ నాటి నుంచే తడిగుడ్డతో తుడవాలె. అంగన్‌వాడీ బాలామృతంలోనూ చక్కెర ఉంది. అది తినిపించినంక కూడా. ఉమ్మడం రాని బిడ్డకు పేస్టు బియ్యపుగింజంత చాలు.