షాకప్‌లో కొంచెం హవా

మొన్న జుమ్మా నమాజ్ అయ్యాక అమ్మీని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నాను. స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగగానే బండి వెనక దబ్బుమంది. "యా అల్లా!" అని అమ్మీ నా భుజం గట్టిగా పట్టుకుంది. డెబ్బై దాటిన నడుము. "బేటా, ఇకనుంచి ఆటోలో పోతాలే" అంది మెల్లగా. ఆ మాట నాకు గుచ్చుకుంది. వారానికోసారి ఆమెను వెనక కూచోబెట్టుకుని తిప్పడం తప్ప, నేను చేస్తున్న ఖిద్మత్ ఇంకేముంది?

ఇంటికొచ్చి బండి సీటు మీద గట్టిగా బరువేసి వదిలాను. ఒక్కసారి లేచి ఆగాల్సింది, మూడుసార్లు ఊగింది. వంగి చూస్తే వెనక షాకప్ రాడ్ చుట్టూ నూనె జిడ్డు, దాని మీద దుమ్ము.

షాకప్‌లు బాగుచేసే దుకాణం నాకు బాగా తెలుసు. పోవడానికే హిమ్మత్ లేదు.

ఆ దుకాణం నా బచ్‌పన్ దోస్తుది. ఉర్దూ మీడియం స్కూల్లో ఏడో తరగతి దాకా ఒకే టాట్ మీద కూర్చున్నాం. వాళ్ల అబ్బా ఇంతెఖాల్ అయ్యాక అతను ఒక ఉస్తాద్ దగ్గర షాగిర్ద్‌గా చేరాడు. నేను తెలుగులో డిగ్రీ చేసి పత్రికలో పడ్డాను. పన్నెండేళ్ల కింద మన పిల్లల చదువుల గురించి ఒక వ్యాసం రాసి, మసి పట్టిన అతని చేతుల ఫోటో వేశాను. కింద 'చదువు లేక చీకట్లో' అని రాశాను. తారీఫులు బాగానే వచ్చాయి. అతనికి తెలుగు చదవడం రాదు. నాలుగో తరగతిలో ఉన్న అతని కూతురు చదివి వినిపించిందట. ఆ తర్వాత నా సలామ్‌కు జవాబు తప్ప ఇంకో మాట లేదు.

అయినా శనివారం పోయాను.

"క్యా హువా గాడీ కో?" అన్నాడు, నా మొహం చూడకుండా. చెప్పాను. "కొత్తవి వేసేద్దామా?" అనడిగాను. అతను రాడ్ తుడిచి, గోరుతో కింది నుంచి పైదాకా గీసి చూశాడు. "నక్కో. రాడ్ సాఫ్ ఉంది. దీని మీద గీత పడితే కొత్త సీలును కూడా కోసేస్తది. అప్పుడు బాగుచేసుడు బేకార్."

నన్ను స్టూల్ మీద కూచోబెట్టి పనిలో పడ్డాడు. స్ప్రింగును బిగింపులో నొక్కి పెట్టి విప్పాడు. ఇది ఇంట్లో వట్టి చేతులతో చేసే పని కాదు. నొక్కి ఉన్న స్ప్రింగు జారితే మొహం పగులుతుంది. లోపలి గొట్టంలోంచి నూనె వంచితే బూడిదరంగు నీళ్లలా కారింది. లోపల అరిగిన లోహపు పొడి అందులో మెరుస్తోంది.

బరువు మోసేది స్ప్రింగే. కానీ స్ప్రింగుకు ఆగడం తెలియదు. రాడ్ చివర పిస్టన్ ఉంటుంది, దానికి సన్నటి రంధ్రాలు. నూనె వాటిలోంచి కష్టపడి దూరుతుంటేనే ఊపు తగ్గుతుంది, ఆ జోరంతా వేడిగా మారుతుంది. నూనె పల్చబడినా, కారిపోయినా స్ప్రింగును ఆపేవాడుండడు. ఇంజన్ ఆయిల్ పోస్తే చాలదా అంటే కసురుకున్నాడు. షాకప్ నూనె వేరు, దాని చిక్కదనానికి నంబర్ ఉంటుంది.

గొట్టం కడిగి, ఆరబెట్టి, కొత్త సీలుకు నూనె రాసి ఎక్కించాడు. బిస్మిల్లా అని కొలత గ్లాసుతో నూనె పోసి, రాడ్‌ను మెల్లగా కిందికీ పైకీ ఆడించాడు. పిస్టన్ కింద ఇరుక్కున్న బుడగలు పైకొచ్చాయి. పైన ఇంకా ఖాళీ కనిపిస్తోంది.

"నిండా పోయవా?"

మొదటిసారి నవ్వాడు. "రాడ్ లోపలికి వచ్చినప్పుడు దానికి జాగా కావాలె గదా మియా. నూనె నలగదు, హవా నలుగుతది. నిండా పోస్తే సీలు పగుల్తది. తక్కువ పోస్తే హవా, నూనె కలిసి నురుగైతది. నురుగు దేన్ని ఆపుతది?"

హోండా గోల్డ్‌వింగ్ లాంటి పెద్ద బండ్ల పాత మోడళ్లలో ఈ హవాను బయటి నుంచి వాల్వ్‌తో ఎక్కిస్తారు. వాటి నూనె మార్చాలంటే ముందు హవా మొత్తం వదలాలి, మళ్లీ చేతిపంపుతో కొంచెం కొంచెంగా నింపాలి. లోపలి జాగా చిన్నది, పెట్రోల్ బంకు కంప్రెసర్ పెడితే సీలు పోతుంది. ఇక గ్యాస్ డబ్బా ఉండే షాకప్‌లను అతను ముట్టుకోడు. లోపల నైట్రోజన్ ఒత్తిడి మీద ఉంటుంది, విప్పితే జాన్‌కు ఖత్రా.

రెండో షాకప్ కారడం లేదు. అయినా దాన్నీ విప్పాడు. ఒకటి కొత్తగా, ఒకటి పాతగా ఉంటే బండి సరిగా నడవదట. బిగించే ముందు రాడ్ నా చేతికిచ్చాడు. నొక్కితే దిగింది, లాగితే మొండికేసింది. "లాగినప్పుడే ఎక్కువ పట్టుకోవాలె" అన్నాడు.

అప్పుడు అన్నాను, "భాయ్, ఆ వ్యాసం... మాఫ్ కర్నా."

చేతులు తుడుచుకుంటూ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "చేతులు ఫోటో తీసినవ్. ఆ చేతులు ఏం చేస్తున్నయో రాయలే. నా బిడ్డ అడిగింది, అబ్బా, నువ్వు చీకట్ల ఉన్నవా అని."

నా దగ్గర జవాబు లేదు. మన పిల్లలకు చదువు కావాలని రాయడం తప్పు కాదు. కానీ దానికోసం ఒక మనిషి హలాల్ కమాయిని, ముప్పై ఏళ్ల హునర్‌ని బేఇజ్జత్ చేశాను. 'పంక్చర్ వాలా' అని మనల్ని ఎవరైనా హేళన చేస్తే నెత్తురు ఉడుకుతుంది. ఆ పనే నేను మంచి తెలుగులో, హమ్‌దర్దీ పేరుతో చేశాను.

డబ్బులు పైసా తగ్గించలేదు. అది నాకు మంచిగనిపించింది.

ఆదివారం అమ్మీని మళ్లీ ఎక్కించుకున్నాను. అదే స్పీడ్ బ్రేకర్. బండి దిగి, ఒకసారి లేచి, ఆగింది. వెనక తస్బీ పూసల చప్పుడు ఆగలేదు.

మీరూ ఇంట్లో పెద్దవాళ్లను వెనక ఎక్కించుకునే ముందు ఒకసారి సీటు నొక్కి వదిలి చూడండి. రాడ్ మీద జిడ్డుందేమో వేలితో తాకండి.

ఇది రాస్తానని అతన్ని ఇజాజత్ అడిగాను. "రాయి. బిడ్డకు పంపు, చదివి వినిపిస్తది" అన్నాడు. ఒక షరతు పెట్టాడు, "ఎంత నూనె పొయ్యాలెనో మాత్రం రాయకు. ఒక్కో బండికి ఒక్కో లెక్క."