రెండు ఆసులొచ్చాయని మురిసిపోకండి

చేతిలో ఇస్పేటు ఆసు, కళావరు ఆసు. పోకర్‌లో ఇంతకంటే మంచి ఆరంభం లేదు. ఫ్లాప్‌లో, అంటే అందరి కోసం తెరిచే మొదటి మూడు ముక్కల్లో, ఆటీన్ జాకీ, ఆటీన్ ఎనిమిది, డైమండ్ మూడు పడ్డాయి. ఇక్కడే జాగ్రత్త!

అవతలివాడి దగ్గర రెండు ఆటీన్లుంటే, ఇంకొక్కటి పడితే చాలు, వాడికి ఫ్లష్. అలాంటివి ఇంకా 9 ఉన్నాయి. రాబోయే రెండు ముక్కల్లో ఒకటైనా పడే అవకాశం దాదాపు 35 శాతం.

మా ఫ్రెండ్ ఒకడు బెంగళూరులో చదివేటప్పుడు ఇలాంటి ఫ్లాప్ మీదే సెమిస్టర్ ఫీజు మొత్తం పోగొట్టుకున్నాడు. "ఆసులు రా, ఎలా వదులుతాం?" అంటాడు ఇప్పటికీ. తెలంగాణలో డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడటం 2017 నుంచే నేరం. 2025లో దేశమంతటికీ చట్టం వచ్చింది. కోఠిలో నా రూమ్‌లో ఆదివారాలు మేం చింతపిక్కలతో ఆడతాం. డబ్బు భయం లేకపోతే లెక్క స్పష్టంగా కనిపిస్తుంది.

మధ్యలో 100 పిక్కలుంటే నేను 70 పెడతాను. అవతలివాడు 170 కోసం 70 పెట్టాలి. వెంటనే వచ్చే ముక్క ఆటీన్ అయ్యే అవకాశం మాత్రం అయిదింట ఒకటే. సుల్తాన్ బజార్‌లో బేరమాడినవాళ్లకి ఇది నష్టమని ఇట్టే తెలుస్తుంది. ఊరికే ముక్క చూడనిస్తే మాత్రం లాభం వాడిది.

అయినా కాల్ చేశాడు, మూడో ఆటీన్ పడింది, వాడు ఒక్కసారిగా గట్టిగా పెంచాడు. అప్పుడు ఆసుల మీద ప్రేమ చంపుకుని ముక్కలు కింద పెట్టేయాలి. గెలవడం కన్నా కష్టమైన పని అదే.