వేడంతాంగల్ చెరువుగట్టు మీద

రిటైరయినవాడికి కాలక్షేపం ఉండాలని మా అబ్బాయి ఒక కెమెరా కొని పంపాడు. మనుషుల్ని తీస్తే "నా ముక్కు ఇలా ఉందా?" అని దెబ్బలాటకు వస్తారు. పక్షులతో ఆ బాధ లేదు గదా అని, మాఘమాసంలో ఒకనాడు తెల్లవారకముందే మా ఆవిడతో చెన్నపట్నం నుంచి బయలుదేరాను.

చెంగల్పట్టు జిల్లాలోని వేడంతాంగల్ మాకు సుమారు 75 కిలోమీటర్లు. నీళ్ళలో నిలిచిన కడప చెట్ల మీద, ఆకు కనబడకుండా పక్షులే!

"ఏమండీ, అదిగో నత్తగుల్లకొంగ! మా అమ్మమ్మ చూపించేది" అంది మా ఆవిడ. గూడబాతు, తెడ్డుమూతి కొంగ, నీటికాకి - ఒక్కొక్క పేరే ఆమె చెబుతూంటే, మూడు తరాలుగా తమిళనాట ఉన్నా ఈ మాటలు మన ఇళ్ళల్లో మిగిలే ఉన్నాయని సంతోషం వేసింది.

మొదటి గంట నాకు శిక్షే. తెల్లకొంగను తీస్తే సున్నపుముద్ద వచ్చింది. వెనుక ఉన్న చెట్ల నీడ చూసి, వెలుతురు చాలదనుకొని కెమెరా ఎక్కువ పుచ్చుకొంటుందట. మనమే కాస్త తగ్గించాలి. తగ్గించాక ఈకలు విడివిడిగా కనిపించాయి. ఎగిరే పక్షికి సెకనులో వెయ్యోవంతు వేగం పెట్టాలనీ అక్కడే తెలిసింది. అంతకుముందు తీసినవన్నీ పొగమరకలే.

ఇక ఆశ పుట్టింది. గుంపంతా ఒక్కసారి లేచే ఫోటో కావాలి! చప్పట్లు కొట్టబోయాను. గట్టున పోతున్న ఒక ముసలిరైతు చెయ్యెత్తి ఆపాడు.

"తల్లి లేస్తే కాకి గుడ్లెత్తుకుపోతుంది సార్" అన్నాడు తమిళంలో. గొంతులో కోపం లేదు. అందుకే నాకు మరీ సిగ్గేసింది.

ఊరి పేరుకు అర్థం వేటగాళ్ళ పల్లె. అయినా అక్కడివాళ్ళు తరతరాలుగా వేటను సాగనివ్వలేదు. 1798లోనే జిల్లా కలెక్టరు చేత ఆ హక్కును రాయించుకొన్నారు. పక్షుల రెట్ట కలిసిన చెరువునీరే వారి పొలాలకు ఎరువు మరి! 2022లో ఈ చెరువు రామ్‌సార్ చిత్తడినేలల జాబితాకెక్కింది. వెళ్ళదలచినవారు, వానలు బాగా కురిసి చెరువు నిండిన ఏడాది, నవంబరు - మార్చి నెలల మధ్య వెళ్ళండి.

ఇంటికి వచ్చి చూస్తే రెండువందల ఫోటోల్లో నాలుగు బాగున్నాయి. వాటిలో ఒకటి గోడకు తగిలించాం. ఎండలో రెక్కలు విప్పి, గూటిలోని పిల్లలకు నీడ పట్టిన కొంగ అది. నేను చప్పట్లు కొట్టి ఉంటే ఆ పిల్లలకు ఆ నీడ ఉండేది కాదు.