పుర్రచేతి మౌసు

చిన్నప్పుడు అరసవల్లి గుళ్లో ప్రసాదానికి ఎడమ చెయ్యి చాచాను. "గుంటడా, కుడిచెయ్యిరా!" అంటూ నాన్న దాని మీద ఒక్కటేశాడు. ఆ భయంతోనేమో, పాతికేళ్లు మౌసునీ కుడిపక్కనే తిప్పి మణికట్టు నొప్పి తెచ్చుకున్నాను.

మొన్న మౌసుని ఎడమపక్కకి జరిపాను. సెట్టింగ్స్‌లో ప్రధాన బటన్‌ని కుడికి మార్చగానే చూపుడువేలికి పని దొరికింది. బాణం గుర్తు ఫైలుని దాటి దూకేస్తుంటే వేగం రెండు మెట్లు దించాను. డబుల్ క్లిక్‌నీ నెమ్మది చేసి, పరీక్షకని పెట్టిన ఫోల్డర్ బొమ్మని టక్... టక్ మని నొక్కాను. నా నిదానానికీ తెరుచుకుంది!

1964లో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ బృందం చేసిన తొలి మౌసు చిన్న చెక్కపెట్టె. దానికి ఒకటే బటన్. కుడీ ఎడమల తగువే లేదు.

మా అరసవల్లి సూర్యనారాయణస్వామి పాదాల మీద ఏటా మార్చి, అక్టోబరుల్లో కొద్దిరోజులే లేత కిరణాలు పడతాయి. సూర్యుడు గుడి కోసం దారి మార్చుకోడు. ఆయన దారి చూసుకునే గుడి కట్టారు. చెయ్యీ అంతే. సర్దుకోవలసింది యంత్రమే.

ప్రసాదం మాత్రం ఇప్పటికీ కుడిచేత్తోనే.