రెండింజన్లు – ఒక లెక్క

మా ఊరు సారపాక. భద్రాచలం వెళ్ళేవాళ్ళు గోదావరి వంతెన ఎక్కేముందు దాటిపోయే ఊరు. మిత్రులంతా కవితలు రాస్తుంటే వీడు ఆయిలింజను గురించి రాశాడని నవ్వకండి.

మాది లిస్టరు రకం. 1930 ప్రాంతంలో ఇంగ్లండులో పుట్టిన నమూనా. దాని నకళ్ళు రాజ్‌కోట్‌లో తయారయ్యాయి. 6 హెచ్.పి.ది నిమిషానికి 650 చుట్లు, 8 హెచ్.పి.ది 850 చుట్లు తిరుగుతుంది. మిరపతోట వాడుతున్నప్పుడు మా 6 హెచ్.పి. సిలిండరు పగిలింది. నాన్న పాత ఇనుపకొట్టులో 8 హెచ్.పి.ది సిలిండరు, పిస్టను, గవర్నరు స్ప్రింగు కొనుక్కొచ్చాడు. బోల్టులు కలిశాయి. ఫ్లైవీల్ చక్రాలు మాత్రం మా పాతవే. ఒకదాని ఆకుకి ఎప్పటిదో వెల్డింగు ఉంది.

"850 మీద ఆడిద్దాం, నీళ్ళు దండిగా వస్తయి" అన్నాడు మేస్త్రీ.

నేను బొగ్గుతో గోడమీద లెక్క వేశాను. వేగం పెరిగేది 1.3 రెట్లే, చక్రం అంచును బయటికి లాగే బలం వేగం వర్గాన్ని బట్టి 1.7 రెట్లు. పోత ఇనుము సాగదు, చెప్పకుండా పగులుతుంది. హేండిలు తిప్పేదేమో నాన్న.

"పిలగాడు ఇంజనుకు ఇంకో గవర్నరు తగిలిస్తుండు" అని మేస్త్రీ నవ్వాడు. నాన్న నవ్వలేదు. వెల్డింగు మీద వేలు పెట్టి కాసేపు నిలబడ్డాడు.

"పాత స్ప్రింగే పెట్టు మేస్త్రీ. నీళ్ళు చాలకపోతే రాత్రి కూడా ఆడిద్దాం."

రాత్రి కాపలా నాదే. అయినా చివరి రెండు సాళ్ళు ఎండిపోయాయి. ఆ మాట నాన్న ఎన్నడూ ఎత్తలేదు. తర్వాత పరీక్షలో అదే సూత్రం అడిగారు, ఐదు మార్కులకు. జవాబు రాస్తున్నంతసేపూ ఆ సాళ్ళే కళ్ళముందు.